బోనులో వాలకం

పత్రికాఫీసుల్లో కొన్ని వాక్యాలు ఎప్పుడూ అచ్చుపోసి తయారుగా ఉంటాయి. 'నిందితుడి ముఖంలో పశ్చాత్తాపం మచ్చుకైనా కనిపించలేదు' అన్నది వాటిలో ఒకటి. ఉర్దూలో దీనికి జోడీ కూడా ఉంది: 'ముల్జిమ్ కే చెహ్రే పర్ నదామత్ కా నామోనిషాన్ న థా'. రెండు భాషల్లో వార్తలు రాసుకుని బతికే మేము ఈ రెండు వాక్యాలనూ ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. ఒకసారి పోలీసులు తలకి నల్లగుడ్డ తొడిగి విలేఖరుల ముందు నిలబెట్టిన కుర్రవాడి గురించి కూడా అదే రాశాం. ముసుగు వెనక ఉన్న ముఖంలో పశ్చాత్తాపం ఉందో లేదో మాకెట్లా తెలిసిందని డెస్కులో ఎవరూ అడగలేదు. మమ్మల్ని మేమూ అడుక్కోలేదు. ఆ కుర్రవాడు మా కౌమ్ వాడే. ఏళ్లు గడిచాక కోర్టు నిర్దోషి అని వదిలేస్తే ఆ వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. అదీ మేమే రాశాం. అందులో ముఖం ప్రస్తావన లేదు.

తెలుగులో 'వాలకం' అని ఒక మంచి మాట ఉంది. మనిషి కూర్చునే తీరు, చూసే చూపు, మాట్లాడే మాట, ఊరుకునే ఊరక, అన్నీ అందులోకి వస్తాయి. 'వాడి వాలకం చూస్తేనే తెలుస్తోంది' అంటాం. ఏం తెలుస్తోందో మాత్రం చెప్పం. ఈ దేశంలో మా వాలకం చూసి చాలామందికి చాలా తెలిసిపోతూ ఉంటుంది. గడ్డం, టోపీ, సుర్మా, చివరికి సలాం చెప్పే చెయ్యి కూడా సాక్ష్యమే. కాబట్టి హత్యకేసు బోనులో నిలబడ్డ మనిషి వాలకం మీద జనం చేసే చర్చ మాకు పుస్తకాల్లోని వ్యవహారం కాదు. అయితే ఈ చర్చ ఈ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగింది మా వాళ్ల మీద కాదు. అది నాథూరాం వినాయక్ గోడ్సే మీద. అందుకే ఆ కేసు కాగితాలు, దాని మీద వచ్చిన పుస్తకాలు పట్టుకుని కూర్చున్నాం.

గాంధీ హత్యకేసు విచారణ ఢిల్లీ ఎర్రకోటలో జరిగింది. ఆ కోటలో వాలకానికి పాత చరిత్రే ఉంది. 1858 జనవరి 27న అదే కోటలోని దీవానె ఖాస్‌లో ఆంగ్లేయ సైనికాధికారులు ఒక ముసలి మనిషిని విచారణకు కూర్చోబెట్టారు. ఆయన వయసు ఎనభై దాటింది. పేరు బహదూర్ షా జఫర్. మోపిన నేరాల్లో ఒకటి హత్య: 1857 మే 16న కోటలో 49 మంది యూరోపియన్లను, ఎక్కువగా ఆడవాళ్లను, పిల్లలను చంపించాడని. తాతముత్తాతల సింహాసనం ఉన్న హాలులో, తనకు రాని భాషలో, 21 రోజుల పాటు విచారణ నడిచింది. ఆ ముసలాయన మధ్యమధ్య కునుకు తీసేవాడు. ఒక శాలువా గుడ్డను తలకి చుట్టుకోవడం, విప్పుకోవడం, మళ్లీ చుట్టుకోవడం చేసేవాడు. అక్కడున్న ఆంగ్లేయులకు ఈ వాలకం రెండు రకాలుగా కనిపించింది. కొందరికి మతిమరుపు, కొందరికి మాయదారితనం. జబ్బుచేసిన, కొడుకులు చచ్చిపోయిన ముసలివాడు అలసిపోయాడన్న మూడో అర్థం చాలామందికి తట్టలేదు. ప్రాసిక్యూషన్ నడిపిన మేజర్ హారియట్ చివరి వాదనలో 1857 ఘోరాలన్నిటికీ ముఖ్యకారణం ముసల్మానుల కుట్రేనని తేల్చాడు. తిరుగుబాటు చేసిన సిపాయిల్లో హిందువులే ఎక్కువ అన్న సంగతి అప్పటికి అందరికీ తెలిసిందే. ఒక మనిషి కునుకు ఒక కౌమ్ మొత్తం మీద కుట్రగా మారడం మేము మొదట చూసింది ఆ హాలులోనే. ఆయన్ని రంగూన్ పంపారు. 1862 నవంబరులో అక్కడే చనిపోయాడు.

ఇక 1948 జనవరి 30. శుక్రవారం. సాయంత్రం అయిదు దాటాక బిర్లా హౌస్‌లో ప్రార్థనకు నడుస్తున్న గాంధీ మీద మూడు గుండ్లు పేలాయి. కాల్చినవాడిని అక్కడికక్కడే పట్టుకున్నారు. మౌంట్‌బాటన్ అక్కడికి చేరేసరికి గుంపులోంచి ఎవడో 'చేసింది ముస్లిం' అని అరిచాడని, 'మూర్ఖుడా, హిందువే' అని ఆయన గట్టిగా జవాబిచ్చాడని పుస్తకాల్లో ఉంది. అప్పటికి ఆయనకీ నిజం తెలియదట. చేసినవాడు ముస్లిం అయితే దేశం ఏమవుతుందో తెలుసు కాబట్టి అట్లా అన్నాడు. ఆకాశవాణి ఆ సాయంత్రం చెప్పిన వార్తలో హంతకుడు హిందువు అన్న మాట ప్రత్యేకంగా చేర్చింది. చావు వార్తలో చంపినవాడి మతం చెప్పడం మామూలుగా తప్పు. ఆ రోజు మాత్రం ఆ ఒక్క మాట లక్షలమంది ప్రాణం కాపాడింది.

మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఆ సాయంత్రం గురించి చెప్పే మాట ఒకటే. 'ఖుదా కరే హమారా న హో.' మనవాడు కాకుండా ఉండుగాక. బాపూ పోయినందుకు ఏడవడానికి ముందు ఈ దువా చెయ్యాల్సి వచ్చింది. ఏడుపుకి ముందు ఒక భయం క్యూలో నిలబడింది. ఆ భయం తీరాకే కన్నీళ్లు వచ్చాయి. ఇప్పటికీ ఎక్కడ బాంబు పేలినా, ఎక్కడ ఎవరు చచ్చినా మా ఇళ్లల్లో మొదట ఆ దువానే. పేరు తెలిసేదాకా టీవీ ముందు నుంచి ఎవరూ లేవరు.

పేరు తెలిశాక ఏమైందో కూడా చెప్పాలి. పుణె, సతారా, సాంగ్లీ, కొల్హాపూర్ ప్రాంతాల్లో గుంపులు చిత్పావన బ్రాహ్మణుల ఇళ్లమీద పడ్డాయి. ఇళ్లు, దుకాణాలు తగలబడ్డాయి. మనుషులు చచ్చిపోయారు. సావర్కర్ తమ్ముడు నారాయణరావు రాళ్లదెబ్బలకు తీవ్రంగా గాయపడ్డాడు, తర్వాత కోలుకోలేదు. గోడ్సే పుట్టిన కులంలో పుట్టడమే ఆ మనుషుల నేరం. ఈ సంగతి మా మిత్రులు చాలామంది రాయరు. మేము రాస్తాం. ఒకడి పనికి అందరూ జవాబు చెప్పడం అంటే ఏమిటో మాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

విచారణ 1948 మే 27న మొదలైంది. ప్రత్యేక న్యాయమూర్తి ఆత్మచరణ్. బోనులో ఎనిమిది మంది: నాథూరాం గోడ్సే, నారాయణ్ ఆప్టే, విష్ణు కర్కరే, మదన్‌లాల్ పహ్వా, శంకర్ కిష్టయ్య, గోపాల్ గోడ్సే, వినాయక్ దామోదర్ సావర్కర్, దత్తాత్రేయ పర్చురే. దిగంబర్ బడ్గే అప్రూవర్ అయిపోయాడు. సాక్షులు 149 మంది. నవంబరు 8న గోడ్సే తన వాంగ్మూలం చదివాడు. తొంభై పుటల పైచిలుకు, గంటల తరబడి. చంపింది నేనే, కుట్ర లేదు, అంతా నా ఒక్కడి బాధ్యతే అన్నది దాని సారం. ప్రభుత్వం దాని ప్రచురణను నిషేధించింది.

ఇక్కడ చట్టం గురించి రెండు మాటలు. అప్పటి నేరవిచారణ స్మృతి 363వ సెక్షన్ సాక్షి వాలకం గురించి న్యాయమూర్తి తన అభిప్రాయం రాసుకోవచ్చు అంటుంది. 1973 స్మృతిలో అదే 280వ సెక్షన్. సాక్షి వాలకం అన్నారు, ముద్దాయి వాలకం అనలేదు. పైగా ఆ కాలంలో ముద్దాయి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడానికే వీల్లేదు. ఆ వీలు 1955 సవరణతో వచ్చింది. కాబట్టి గోడ్సే నవ్వాడా, వణికాడా, గీత చదివాడా అన్నవి చట్టం దృష్టిలో దేనికీ పనికిరావు. చట్టానికి పనికిరాని సరుకంతా జనానికి పనికొచ్చింది.

గోడ్సే వాలకం గురించి మూడు చిత్రాలు చెలామణీలో ఉన్నాయి. మొదటిది ఆయన అభిమానులది. నిబ్బరంగా ఉన్నాడు, మర్యాదగా మాట్లాడాడు, తర్కం తప్పలేదు, ప్రాణభిక్ష అడగలేదు. కాబట్టి ఆయన దేశభక్తుడు. ఈ 'కాబట్టి' ఎట్లా వచ్చిందని అడిగితే జవాబు ఉండదు. నిబ్బరం వేరు, నిజం వేరు. గొర్రెను కోసే మా కసాయి అన్నకి కూడా చెయ్యి వణకదు.

రెండో చిత్రం జస్టిస్ జి.డి. ఖోస్లాది. తీర్పు మీద అప్పీళ్లను 1949 మేలో సిమ్లాలోని పీటర్‌హాఫ్ భవనంలో తూర్పు పంజాబ్ హైకోర్టు వింది. భండారీ, అచ్ఛ్రూ రాం, ఖోస్లా ముగ్గురు న్యాయమూర్తులు. గోడ్సే వకీలును వద్దని తన వాదన తనే వినిపించుకున్నాడు. హత్యానేరం మీద అప్పీలు చెయ్యలేదు, కుట్ర లేదన్నదే వాదన. ఖోస్లా తర్వాత రాసిన 'ది మర్డర్ ఆఫ్ ది మహాత్మా' పుస్తకంలో ఆ రోజు కోర్టు హాలును వర్ణించాడు. గోడ్సే మాట ముగించేసరికి హాలంతా నిశ్శబ్దం. ఆడవాళ్ల కళ్లల్లో నీళ్లు, మగవాళ్లు దగ్గుతూ రుమాళ్ల కోసం జేబులు తడుముకోవడం. తనకి అదంతా హాలీవుడ్ సినిమా సీనులా తోచిందని ఖోస్లా రాశాడు. ఆ ప్రేక్షకులనే జ్యూరీగా కూర్చోబెట్టి ఉంటే భారీ మెజారిటీతో నిర్దోషి అని చెప్పి ఉండేవాళ్లనీ రాశాడు.

గోడ్సే అభిమానులు ఈ పేరాను తాయెత్తులా కట్టుకుని తిరుగుతారు. న్యాయమూర్తే ఒప్పుకున్నాడు చూడండి అంటారు. ఖోస్లా పొగిడింది నటనని. ఆయనా మిగతా ఇద్దరూ ఆ ఉరిశిక్షను ఖాయం చేశారు. కన్నీళ్లు వచ్చిన హాలులోనే తీర్పు కన్నీళ్లు లేకుండా వచ్చింది. మాకు ఆ పేరాలో భయపెట్టేది వేరే ఉంది. ఆ ప్రేక్షకులు ఎవరు? పదహారు నెలల కిందట గాంధీ చనిపోతే వీళ్లలో కొందరు ఏడ్చి ఉండరా? అదే కళ్లు. కన్నీళ్లు రప్పించగలవాడు వచ్చి మాట్లాడితే కారతాయి. పదేళ్ల తర్వాత బొంబాయిలో నానావతి కేసు వచ్చింది. నౌకాదళం తెల్లదుస్తుల్లో, పతకాలతో నిలబడ్డ అందమైన కమాండర్‌ని చూసి జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. హైకోర్టు దాన్ని కొట్టేసి యావజ్జీవం వేసింది. ఖోస్లా సిమ్లాలో ఊహించింది బొంబాయిలో నిజంగా జరిగింది. జ్యూరీ పద్ధతే ఆ తర్వాత పోయింది. జ్యూరీ పోయినా ప్రేక్షకులు పోలేదు. ఇప్పుడు వాళ్లు టీవీల ముందు కూర్చుంటున్నారు.

మూడో చిత్రం ఉరికంబం దగ్గరది. 1949 నవంబరు 15న అంబాలా జైల్లో గోడ్సేని, ఆప్టేని ఉరితీశారు. ఖోస్లా రాసిన ప్రకారం గోడ్సే అడుగు తడబడింది. ముఖంలో కంగారు, భయం కనిపించాయి. దాన్ని కప్పుకోవడానికి క్షణక్షణానికీ 'అఖండ భారత్' అని నినాదం చేశాడు, గొంతు మాత్రం కాస్త బొంగురుపోయింది. ఆప్టే 'అమర్ రహే' అని గట్టిగా అందుకున్నాడు. అభిమానులు ఈ పేరాను ఒప్పుకోరు. చిరునవ్వుతో వెళ్లాడని వాళ్ల పుస్తకాలు చెబుతాయి. ఒకే న్యాయమూర్తి రాసిన ఒకే పుస్తకంలో ఒక పుట తాయెత్తు, ఇంకో పుట అబద్ధం.

మా సంగతి? దాచుకోవడం ఎందుకు, ఆ బొంగురు గొంతు పేరా మొదటిసారి చదివినప్పుడు మేము సంతోషించాం. దోస్తులకి చదివి వినిపించాం. 'దేఖా, కాంప్ రహా థా' అని నవ్వుకున్నాం. చాలాకాలం తర్వాత అర్థమైంది, మేము కూడా అదే ఆట ఆడుతున్నామని. వాళ్లు నిబ్బరం చూసి నిజం అన్నారు, మేము వణుకు చూసి అబద్ధం అన్నాం. చావబోయే మనిషి గొంతు బొంగురుపోతే అతను మనిషని తేలుతుంది, అంతకు మించి ఏమీ తేలదు. గోడ్సే తప్పు ఆయన చేసిన పనిలో ఉంది. నిండు ప్రార్థనాసభలో ఆయుధం లేని 78 ఏళ్ల ముసలివాడి గుండెల్లో గుండ్లు దించడంలో ఉంది. నవ్వుతూ చచ్చినా, ఏడుస్తూ చచ్చినా అది మారదు. గాంధీ కొడుకులు మణిలాల్, రాందాస్ ఉరిశిక్ష వద్దని కోరారు. ప్రభుత్వం వినలేదు. ఆ ఇద్దరూ గోడ్సే వాలకం చూసి అట్లా అడగలేదు, వాళ్ల నాన్నను చూసి అడిగారు.

అదే బోనులో ఇంకో వాలకం ఉంది. దాని గురించి చర్చ తక్కువ. నిందితుల తరఫు వకీళ్లలో ఒకరైన పి.ఎల్. ఇనాందార్ తన జ్ఞాపకాల్లో రాశాడు: విచారణ సాగినన్ని రోజులూ సావర్కర్ గోడ్సే వైపు తలతిప్పి చూడలేదు. రాతిబొమ్మలా కూర్చున్నాడు. మిగతావాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు. గురువు చెయ్యి ఒక్కసారి తగిలితే చాలు, ఒక్క మంచిమాట చాలు అని గోడ్సే తపించిపోయాడట, సిమ్లాలో కూడా ఆ బాధే చెప్పుకున్నాడట. సావర్కర్ 1949 ఫిబ్రవరి 10 తీర్పులో నిర్దోషిగా బయటపడ్డాడు. అప్రూవర్ మాటకి బలమైన ఇంకో సాక్ష్యం తోడు లేకపోవడం కారణం. 1969లో కపూర్ కమిషన్ తన ముందుకొచ్చిన ఆధారాలను బట్టి సావర్కర్, ఆయన బృందం కుట్ర తప్ప ఇంకో సిద్ధాంతానికి చోటు లేదంది. అప్పటికి ఆయన పోయి మూడేళ్లయింది. కమిషన్ మాట కోర్టు తీర్పు కాదు. ఆ తేడా మేము మర్చిపోం, ఎందుకంటే కమిషన్ల మాటల మీద మా మీద కూడా చాలా కట్టారు. కానీ ఒకటి గమనించండి. తల తిప్పని ఆ మౌనాన్ని అభిమానులు 'గాంభీర్యం' అంటారు. అదే మౌనం మా వాడు పాటిస్తే దాని పేరు 'కరడుగట్టినతనం'. డెస్కులో ఈ రెండు మాటల నిఘంటువు మాకు కంఠతా వచ్చు.

హైదరాబాద్ వాళ్లం కాబట్టి ఇంకో సంగతి చెప్పకుండా దాటలేం. గోడ్సే మా రాజ్యానికి కొత్త కాదు. 1938లో హిందూ మహాసభ నిజాం రాజ్యంలో నడిపిన సత్యాగ్రహంలో ఒక దళానికి నాయకుడిగా వచ్చి అరెస్టయి, ఏడాది శిక్ష పడి మా జైల్లో ఉన్నాడు. నిజాం పాలనలో హిందువులకు అన్యాయాలు జరగలేదని మేము అనం. పౌరహక్కులు లేని రాజ్యం అది, మా పేదలకీ లేవు. కానీ ఎర్రకోటలో సాక్షుల విచారణ జరుగుతున్న నెలల్లోనే, 1948 సెప్టెంబరు 13న సైన్యం హైదరాబాద్‌లో అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా పల్లెల్లో ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ రాసింది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. దానికి ముందు నెలల్లో రజాకార్లు చేసిన ఘోరాలు కూడా నిజమే. ఇండియాలో విలీనం కావాలని రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని ఆగస్టులో, సైన్యం రావడానికి నెల ముందు, నడివీధిలో చంపారు. ఆయన మా వృత్తివాడు, మా కౌమ్ వాడు. మా చేతికంటిన నెత్తురు గురించి మాట్లాడకుండా ఎదుటివాడి చేతుల గురించి మాట్లాడే హక్కు మాకు లేదు.

నవంబరు 8న గోడ్సే బోనులో నిలబడి చదివిన వాంగ్మూలంలో హైదరాబాద్ ఉంది. గాంధీ చనిపోయాకే ప్రభుత్వం సైన్యంతో హైదరాబాద్ సమస్యను సరిగ్గా పరిష్కరించిందని ఆయన చెప్పాడు. అంటే, నేను చేసిన పని ఫలించింది చూడండి అని. ఆ మాట చదివేటప్పుడు కంఠం స్థిరంగానే ఉండి ఉంటుంది. మా బావుల్లో తేలిన శవాలు ఆయన డిఫెన్సులో ఒక వాక్యం. ఆయన గొంతు గురించి ఇన్ని పుస్తకాలు వచ్చాయి, ఆ వాక్యం గురించి ఎన్ని వచ్చాయి? వాలకం మీద చర్చ చేసే పని ఇదే. మనిషి ఎట్లా మాట్లాడాడన్నది చూస్తూ కూర్చుంటే ఏం మాట్లాడాడన్నది చెవిన పడదు.

ఆ గొంతు తర్వాత నాటకంలోకి కూడా వచ్చింది. గోపాల్ గోడ్సే 1964లో విడుదలయ్యాక రాసిన పుస్తకాన్ని ప్రభుత్వం జప్తుచేస్తే బొంబాయి హైకోర్టు 1969లో ఆ జప్తు కొట్టేసింది. 1998లో 'మీ నథూరాం గోడ్సే బోల్తోయ్' అనే మరాఠీ నాటకం వచ్చింది, మహారాష్ట్ర ప్రభుత్వం ఆపించింది, 2001లో హైకోర్టు ఆ నిషేధాన్నీ తీసేసింది. నిషేధాలు ఎత్తెయ్యడం మంచిదే అంటాం మేము. మూసిపెట్టిన గొంతుకి మహిమ ఎక్కువ. కానీ సిమ్లా హాలులో ఖోస్లా చూసిన సీను ఇప్పుడు టిక్కెట్టు కొని చూడొచ్చు. 2019 ఎన్నికల ప్రచారంలో భోపాల్ అభ్యర్థి గోడ్సేని దేశభక్తుడు అన్నారు. గెలిచారు కూడా.

గోడ్సేకి న్యాయమూర్తి గంటల తరబడి మాట్లాడే వీలిచ్చాడు. ఇవ్వాల్సిందే. బోనులో ఉన్న ఎవడికైనా అది దక్కాలి. మరి మా వాళ్లకి? 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగిన వారానికే పోలీసులు అఫ్జల్ గురుని టీవీ కెమెరాల ముందు కూర్చోబెట్టి ఒప్పుకోలు చెప్పించారు. విచారణ మొదలవ్వకముందే దేశం ఆ ముఖాన్ని చూసేసింది. 2005లో సుప్రీంకోర్టు పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదని పక్కన పెట్టింది. మిగతా ఆధారాలతో ఉరిశిక్ష ఖాయం చేస్తూ సమాజపు సామూహిక అంతరాత్మ తృప్తి పడాలంది. సిమ్లాలో రుమాళ్లు వెతుక్కున్న ప్రేక్షకులకు కోర్టు తీర్పులో చోటు దొరకలేదు. ఇక్కడ దొరికింది.

అదే కేసులో ఎస్.ఎ.ఆర్. గీలానీ ఉన్నాడు. ఢిల్లీ జాకిర్ హుసేన్ కాలేజీలో అరబ్బీ లెక్చరర్. మొదటి కోర్టు ఉరి వేసింది, 2003లో హైకోర్టు నిర్దోషి అంది, సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. ఆయన మీద ఉన్న సాక్ష్యాల్లో ముఖ్యమైనది దాడి మర్నాడు తమ్ముడితో కశ్మీరీలో ఫోనులో మాట్లాడిన మాటలు. ఢిల్లీ ప్రస్తావన వచ్చినప్పుడు నవ్వాడన్నది ఒక నేరం. ఆ మాటల తర్జుమా మీద ఇరుపక్షాలకీ పడలేదు. సుప్రీంకోర్టు వదిలేస్తూ కూడా ఆ నవ్వు గురించి రాసింది: అది గట్టి అనుమానానికి తావిస్తోంది, అయినా అనుమానం ఎంత బలమైనదైనా రుజువు కాదు. రెండో సగం న్యాయం. మొదటి సగం వాలకం. అనువాదమే జీవనంగా ఉన్న మాకు ఒక విషయం తెలుసు. మాటలు తర్జుమా చెయ్యొచ్చు, కష్టపడితే. నవ్వును తర్జుమా చెయ్యలేం. అన్నదమ్ములు ఫోనులో నవ్వుకునే నవ్వుకి అర్థం ఆ ఇంట్లో పుట్టినవాళ్లకే తెలుస్తుంది.

మా ఊళ్లో 2007 మే 18న మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. చచ్చింది మేము, లోపల పడింది కూడా మా పిల్లలే. తర్వాత కోర్టులు వదిలేశాయి. ప్రభుత్వం నష్టపరిహారంతో పాటు కొందరికి సత్ప్రవర్తన సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. నష్టపరిహారం మీద హైకోర్టు వేరే మాట చెప్పింది, అది వేరే కథ. మంచి వాలకానికి సర్కారీ ముద్ర వేసిన కాగితం ఇంకే కౌమ్ పిల్లల జేబులోనైనా ఉందా?

చివరిగా, తెలుగు పాఠకులకు చెప్పాల్సిన ఒక మనిషి మిగిలాడు. శంకర్ కిష్టయ్య. పేరులోనే తెలుస్తుంది. సోలాపూర్ తెలుగువాడు, చదువు లేదు. పుణెలో ఆయుధాల కొట్టు నడిపిన బడ్గే దగ్గర నౌకరు. 1948 జనవరి 20న గాంధీ మీద జరిగిన ప్రయత్నం నాడు యజమాని వెంట బిర్లా హౌస్‌కి వెళ్లాడు. యజమాని అప్రూవర్ అయి క్షమాభిక్షతో బయటపడ్డాడు. నౌకరు బోనులో మిగిలాడు. ఆ కోర్టులో హిందుస్తానీ, మరాఠీ దుబాసీలతో పాటు ఒక తెలుగు దుబాసీ ఉన్నాడు, ఇతనికోసమే. ఆత్మచరణ్ యావజ్జీవం వేస్తూ, ఏడేళ్లకి తగ్గించమని సిఫారసు చేశాడు. 1949 జూన్‌లో సిమ్లా న్యాయమూర్తులు ఇతన్నీ పర్చురేనీ నిర్దోషులని వదిలేశారు.

గోడ్సే నిబ్బరం గురించి అర అలమారా పుస్తకాలున్నాయి. సావర్కర్ మౌనం గురించి కొన్ని పుటలున్నాయి. కిష్టయ్య వాలకం గురించి మేము చదివిన వాటిలో ఒక్క పేరా లేదు. నిందితులు కలిసి ఉన్న ఫొటో ఒకటి దొరుకుతుంది. ఆప్టే, సావర్కర్, గోడ్సే, కర్కరే ముందు వరసలో కూర్చుని ఉంటారు. వెనక నిలబడ్డవాళ్లలో ఒకడు కిష్టయ్య. గీత శ్లోకాలు, దేశవిభజన, అఖండ భారతం, హైదరాబాద్ అన్నీ ఆ హాలులో గంటలకొద్దీ నడుస్తుంటే, పక్కన నిలబడ్డ దుబాసీ అవన్నీ తెలుగులో ఇతని చెవిలో ఎట్లా చెప్పాడో మాకు తెలుసుకోవాలని ఉంది. గోడ్సే అన్నదంతా తెలుగులో మొదట విన్నవాడు బహుశా అతనే.